డ్రోనుకి ఓసీఐ కార్డు లేదు

2027లో గోదావరి పుష్కరాలు. అమెరికాలో ఉన్న మన గోదావరి జిల్లాల వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో టికెట్ల లెక్కలూ, సెలవుల లెక్కలూ అప్పుడే మొదలైపోయాయి. వాటితో పాటు ఇంకో ప్రశ్న కూడా తరచుగా కనబడుతోంది. "నా దగ్గర చిన్న కెమేరా డ్రోను ఉంది, ఇండియాకి పట్టుకెళ్ళొచ్చా?"

దానికి వస్తున్న జవాబులు చూస్తుంటే భయమేస్తోంది. "ఏం కాదు బాసూ, సూట్‌కేసులో బట్టల మధ్యన పెట్టెయ్" అని ఒకాయన. "250 గ్రాముల లోపుదానికి ఇండియాలో రూలే లేదు" అని ఇంకొకాయన. "మనకి ఓసీఐ ఉంది కదా, మనల్నెవడు అడుగుతాడు" అని మూడో ఆయన. ముగ్గురూ బాగా చదువుకున్నవాళ్ళే. ముగ్గురు చెప్పిందీ తప్పే. ఓసీఐ కార్డు మనకిచ్చారు గానీ మన డ్రోనుకి ఇవ్వలేదు. మన ఊరే అయినా, దానికి మాత్రం అది పరాయి దేశం.

ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతోందంటే, అక్కడ రూళ్ళు రెండు రకాలు. ఎగరెయ్యడానికి ఒకటి, దేశంలోకి తేవడానికి ఒకటి. చాలామంది మొదటిది చదివి ఆగిపోతారు.

ముందు ఎగరెయ్యడం సంగతి చూద్దాం. 2014 అక్టోబరులో డీజీసీఏ ఒక నోటీసు ఇచ్చి, రూళ్ళు తయారయ్యేదాకా మామూలు జనం ఎవరూ డ్రోన్లు ఎగరెయ్యొద్దంది. ఆ రూళ్ళు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. 2018 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 2021 మార్చిలో ఇంకో సెట్టు వచ్చింది. అది మరీ బరువుగా ఉందని అందరూ గోలపెడితే, అదే ఏడాది ఆగస్టు 25న దాన్ని తీసేసి "డ్రోన్ రూల్స్, 2021" తెచ్చారు. 25 ఫారాలు 5 అయ్యాయి. 72 రకాల ఫీజులు 4 అయ్యాయి. దేశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడగొట్టి మ్యాపు పెట్టారు. ఆకుపచ్చ జోనులో 400 అడుగుల దాకా విడిగా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8-12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగుల దాకా. 250 గ్రాముల లోపు నానో డ్రోనుకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల దాకా కూడా, వ్యాపారానికి కాకపోతే అక్కర్లేదు. ప్రభుత్వం రాసిన రూళ్ళలో ఇంత తేలిగ్గా అర్థమయ్యేవి తక్కువే. నిజంగా మెచ్చుకోవాలి.

ఇక రెండోది. 2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య శాఖ, అంటే డీజీఎఫ్‌టీ, ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. డ్రోన్ల దిగుమతి నిషేధం. పూర్తిగా బిగించినదైనా సరే, విడగొట్టి తెచ్చినా సరే. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి మాత్రం అనుమతి తీసుకుని తెచ్చుకోవచ్చు. విడిభాగాలకి నిషేధం లేదు. ఇందులో 250 గ్రాముల మినహాయింపు ఎక్కడా లేదు. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది ఎగరెయ్యడానికి సంబంధించిన వెసులుబాటు. కస్టమ్స్ కౌంటరు దగ్గర అది పనిచెయ్యదు. "అమ్మడానికి కాదు, నా కోసమే" అన్నా పనిచెయ్యదు. సామానులో వచ్చినా వాళ్ళ లెక్కలో దిగుమతి దిగుమతే.

మన భాషలో చెప్పాలంటే, అప్లికేషన్ లోపల పర్మిషన్లన్నీ చక్కగా రాసుకున్నారు. ఎవరు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో రోల్సు కూడా ఉన్నాయి. కానీ బయటినుంచి వచ్చేవాణ్ణి ఫైర్‌వాల్ దగ్గరే ఆపేస్తున్నారు. వాడికి లోపల ఏ రోల్ ఇవ్వాలన్న ప్రశ్నే రాదు.

నిషేధానికి కారణాలు లేకపోలేదు. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేశారు. పంజాబ్ సరిహద్దులో డ్రోన్ల మీద మత్తుమందులూ, తుపాకులూ దిగుతున్నాయి. ఇంకో పక్క, దేశంలోనే డ్రోన్లు తయారవ్వాలని 2021లోనే మూడేళ్ళకి 120 కోట్ల ప్రోత్సాహక పథకం పెట్టారు. చైనా సరుకు వరదలా వచ్చిపడితే ఇక్కడ తయారుచేసేవాడు నిలబడలేడు. ఇదేదో ఇండియా ఒక్కటే చేస్తోందనుకోకండి. 2025 డిసెంబరులో అమెరికా ఎఫ్‌సీసీ కూడా విదేశాల్లో తయారయ్యే కొత్త డ్రోన్లని తన నిషిద్ధ జాబితాలో చేర్చింది.

కాబట్టి నిషేధం పెట్టినందుకు నేను తప్పు పట్టను. నా అభ్యంతరం అది ఎవర్ని ఆపుతోంది, ఎవర్ని వదిలేస్తోంది అన్న దగ్గర. సరిహద్దు దాటించి తుపాకులు దింపేవాడు రెడ్ ఛానెల్లోంచి రాడు. చైనా సరుకుతో వ్యాపారం చేసేవాడు సెలవులకి వచ్చి నాలుగు వారాల తర్వాత తిరిగి పట్టుకెళ్ళిపోడు. రూలు సూటిగా తగిలేది ఫారం మీద "డ్రోను ఉంది" అని నిజం రాసినవాడికి.

ఈలోపు కోనసీమలో ఏ పెళ్ళికైనా వెళ్ళి చూడండి. మంగళసూత్రం కట్టే వేళకి తలమీద ఒకటి గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంటుంది. సంక్రాంతికి కోడిపందేల బరుల మీద పోలీసుల డ్రోను ఒకటి, పందెంరాయుళ్ళ వీడియో తీసే డ్రోను ఇంకొకటి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం తల పైకెత్తితే ప్రభలతో పాటు డ్రోన్లు కూడా కనిపిస్తాయి. ఆ వీడియోగ్రాఫర్ని "దీనికి యూఐఎన్ నంబరుందా తమ్ముడూ, నీకు పైలట్ సర్టిఫికెట్ ఉందా" అని అడగండి. ఉందనేవాళ్ళూ ఉన్నారు. నవ్వేసి "భోంచేశారా అండీ" అని మాట మార్చేవాళ్ళూ ఉన్నారు. అసలు ప్రమాదం జరిగే చోటు ఇది. అడిగేవాళ్ళు తక్కువున్న చోటు కూడా ఇదే.

ప్రమాదం అని ఊరికే అనట్లేదు. 2015 జూలై 14, గత పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు. దానికీ డ్రోన్లకీ సంబంధం లేదు. కానీ అంత కిక్కిరిసిన జనం మీద, తడి మెట్ల మీద, బ్యాటరీ అయిపోయి ఒక డ్రోను పడిందనుకోండి. పావుకిలో వస్తువు తగిలి ఒకరికి దెబ్బ తగలడం అటుంచండి. "ఏదో పడింది" అన్న కేక చాలు. 2021 రూళ్ళలో దీనికి ఒక ఏర్పాటుంది. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఏ ప్రాంతాన్నైనా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోనుగా ప్రకటించవచ్చు. పుష్కరాలు పన్నెండు రోజులు కాబట్టి మళ్ళీ మళ్ళీ ప్రకటించాల్సి ఉంటుంది. నన్నడిగితే ఘాట్ల మీద కచ్చితంగా ప్రకటించాలి. ఎన్నారై డ్రోనైనా, లోకల్ డ్రోనైనా ఒకటే రూలు.

ఇంకో విషయం మనవాళ్ళకి తట్టనే తట్టదు. కాలవగట్టు మీద స్నానాలు చేసేవాళ్ళుంటారు. దొడ్లో బట్టలు ఆరేసుకునేవాళ్ళుంటారు. మనకి అది "బ్యూటిఫుల్ కోనసీమ", వాళ్ళకి అది పెరడు. అమెరికాలో పక్కింటి వాడి బ్యాక్‌యార్డు మీద డ్రోను ఎగరెయ్యడానికి వందసార్లు ఆలోచిస్తాం. యోసెమిటీకో, గ్రాండ్ కాన్యన్‌కో వెళ్తే, 2014 నుంచీ నేషనల్ పార్కుల్లో డ్రోన్లు నిషేధం కాబట్టి బుద్ధిగా కారులోనే వదిలేస్తాం. 250 గ్రాములు దాటితే ఎఫ్‌ఏఏకి 5 డాలర్లు కట్టి రిజిస్టర్ చేయిస్తాం. ట్రస్ట్ పరీక్ష రాసి ఆ కాగితం ఫోనులో దాచుకుంటాం. అదే మనం మధురపూడిలో దిగేసరికి "ఎవడు చూడొచ్చాడులే" అంటాం. ఈ తేడా నాకు నచ్చదు. రూలు బాగోలేదని వాదించడం వేరు, సూట్‌కేసులో దాచడం వేరు.

మరి ఏం చెయ్యాలి? ప్రభుత్వం చెయ్యాల్సింది పెద్ద కష్టమైనదేం కాదు. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చే టూరిస్టుల వీడియో కెమేరాలని కాగితం మీద రాసుకుని, తిరిగి వెళ్ళేటప్పుడు చూపించమనేవాళ్ళు. అదే పని డ్రోనుకి చెయ్యొచ్చు. సీరియల్ నంబరు రాసుకోండి. దాని ఖరీదంత డిపాజిట్ కట్టించుకోండి. ముప్ఫై రోజులకో, నలభై రోజులకో ఒక తాత్కాలిక నంబరు ఇవ్వండి. తిరిగి వెళ్ళేటప్పుడు వస్తువు చూపిస్తే డిపాజిట్ వెనక్కి. చూపించకపోతే పోయినట్టే. మన ఆఫీసుల్లో విజిటర్ బ్యాడ్జి ఇచ్చి, సాయంత్రానికి ఎక్స్‌పైర్ చేసేస్తారు చూడండి, అంతే. చైనా సరుకు దేశంలో ఉండిపోతుందన్న భయం లేదు. పైగా ఎవరి దగ్గర ఏ డ్రోను ఉందో ప్రభుత్వానికి తెలుస్తుంది. ఇప్పుడు బట్టల మధ్యన దాగి వస్తున్నవాటి గురించి ఎవరికీ ఏమీ తెలీదు. 2025 సెప్టెంబరులో కేంద్రం కొత్త డ్రోను బిల్లు ముసాయిదా పెట్టి, నెలాఖరు దాకా అభిప్రాయాలు అడిగింది. వీసా ఫీజు మీద పేజీలకి పేజీలు రాసే మనం ఇలాంటివాటికి కూడా రెండు ముక్కలు రాసి పంపాలి.

అంతవరకూ మన పని మనం చేసుకుందాం.

మొదటిది, పట్టుకెళ్ళకండి. రెండోది, తెలీక పట్టుకెళ్ళి అక్కడ దిగాక తెలిసిందా, గ్రీన్ ఛానెల్లో దూరకండి. రెడ్ ఛానెల్‌కి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 80 ప్రకారం, నిజం చెప్పి డిక్లేర్ చేసినవాళ్ళు కోరితే, వస్తువుని వాళ్ళ దగ్గరే ఉంచుకుని తిరుగు ప్రయాణంలో ఇవ్వొచ్చు. రసీదు జాగ్రత్త. హైదరాబాదులో దిగి బెంగుళూరు మీంచి వెళ్ళేవాళ్ళకి ఇది తలనొప్పే. మీరు తీసుకోలేకపోతే మీరు రాసిచ్చిన మరో ప్రయాణికుడి ద్వారానో, కార్గోలోనో పంపే వీలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. దాచి దొరికితే ఈ సెక్షన్ మీకు వర్తించదు. డ్రోను పోతుంది, జరిమానా అదనం. ఇక బట్టల మధ్యన పెట్టమన్న పెద్దమనిషికి ఒక మాట: విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టడమే నిషిద్ధం. ఇండియా దాకా అక్కర్లేదు, డల్లాస్‌లోనే ఆపుతారు.

మూడోది, అక్కడి కుర్రాణ్ణి పిలవండి. మన ఊళ్ళల్లో డ్రోను నడపడమే బతుకుతెరువుగా చేసుకున్న కుర్రాళ్ళున్నారు. యూఐఎన్ ఉన్నవాడినీ, సర్టిఫికెట్ ఉన్నవాడినీ అడిగి మరీ పెట్టుకోండి. లేనివాడికంటే నాలుగు డబ్బులు ఎక్కువ తీసుకుంటే ఇవ్వండి. పదిమంది అలా అడిగితే లేనివాడు కూడా తెచ్చుకుంటాడు. మ్యాపు చూశావా అని అడగండి. రాజమండ్రి వంతెనలు, ధవళేశ్వరం బ్యారేజి, గ్యాసు బావులు, ఇలాంటి చోట్ల ముందుగా పోలీసులకి చెప్పకుండా ఎగరెయ్యనివ్వకండి. కోరింగ మడ అడవులూ, కొల్లేరూ అభయారణ్యాలు, అటవీ శాఖ వారి అనుమతి కావాలి. కొంగల గూళ్ళ మీద డ్రోను తిప్పితే మనకి మంచి షాటు వస్తుంది, వాటికి పిల్లలు పోతాయి.

ఇంత చెప్పి, డ్రోన్లంటే నాకు ఇష్టం లేదనుకునేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 17 లక్షల దగ్గర ఇస్తారు. అప్పుడు లంక గ్రామాల్లో ఏ ఇల్లు మునిగింది, ఏ గట్టు మీద జనం చిక్కుకున్నారు అన్నది పైనుంచి చూస్తే నిమిషాల్లో తెలుస్తుంది, పడవేసుకుని వెతికితే పూట పడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు డ్రోన్లతో తిండి పొట్లాలు కూడా అందించారు. అందుకే ఆ పనొచ్చిన కుర్రాళ్ళు ప్రతి మండలంలోనూ, కాగితాలన్నీ సరిగ్గా ఉండి, తహశీల్దారు ఫోన్ చేస్తే వచ్చేలా ఉండాలంటాను. పుష్కరాలకి మనం వెళ్ళి ఖర్చుపెట్టే డబ్బులో కాస్త వాళ్ళకి చేరితే మంచిదే. వరదొచ్చిన రోజున మనం ఎలాగూ డల్లాస్‌లోనో, డబ్లిన్‌లోనో ఉంటాం. అక్కడ ఉండేది వాళ్ళే.