బలవంతపు సంతకం

బలవంతంగా ఇప్పించినది, బలవంతంగా అనుభవించినది, బలవంతంగా వ్రాయించినది జరగనట్టేనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం నిర్ణయించింది. ఋణవ్యవహారాల సందర్భంలో వచ్చే ఈ మాట ఎంత విశాలమైనదో తెలియాలంటే, పరదేశపు మతాచార్యుడొకరి కథ వినాలి.

హంగరీ కేథలిక్కుల ప్రధాన మతాచార్యుడు కార్డినల్ యోజెఫ్ మిండ్‌సెంటి. 1944లో నాజీల అనుయాయులు ఆయనను చెరలో పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అధికారం చేజిక్కించుకున్న కమ్యూనిస్టులు 1948లో చర్చి పాఠశాలలను జాతీయం చేయగా ఆయన ఎదిరించారు. ఆ డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడే, నిర్బంధించారు. తాను నేరం ఒప్పుకున్నట్టు వినవస్తే అది మానవ దౌర్బల్యమేననీ, చెల్లదనీ ఆయన ముందుగానే వ్రాసిపెట్టారు.

బుడాపెస్టులోని రహస్య పోలీసు భవనంలో రాత్రుల తరబడి నిద్ర లేకుండా చేశారు. రబ్బరు లాఠీలతో కొట్టారు. చివరకు ఆయన సంతకం చేశారు. అయితే పేరు పక్కన 'సి.ఎఫ్.' అని చేర్చినట్టు స్వీయచరిత్రలో చెప్పుకున్నారు. 'బలవంతం మీద చేశాను' అన్న లాటిన్ మాటకు అవి పొడి అక్షరాలు. మనువు మాటే మరొక భాషలో!

1949 ఫిబ్రవరిలో యావజ్జీవ శిక్ష పడింది. 1956 తిరుగుబాటులో విడుదలైనా, సోవియట్ సేనలు రాగానే అమెరికా రాయబార కార్యాలయంలో తలదాచుకొని 15 సంవత్సరాలు అక్కడే గడిపారు. 1971లో దేశం విడిచి, 1975లో వియన్నాలో కన్నుమూశారు. కమ్యూనిస్టు పాలన అంతరించాక, 1991లో ఆయన భౌతిక అవశేషాలు తన పీఠమైన ఎస్టర్‌గోమ్‌కు చేరాయి.

సంతకం చేయక ప్రాణమే విడువవచ్చు కదా అని కొందరనవచ్చు. వేళకు నైవేద్యం పెట్టి, వేళకు ప్రసాదం తినే నాబోటి అర్చకుడికి ఆ మాట అనే అర్హత లేదు. దెబ్బలకు ఓర్వలేకపోవడం దేహధర్మం. కొట్టి ఒప్పించడం అధర్మం. ఆ కాగితం మీది అపకీర్తి వ్రాసినవారిది కాదు, వ్రాయించినవారిది.

ఆయన దైవం వేరు, మంత్రం వేరు. కాని ఆ శ్లోకంలో 'మనవారికి మాత్రమే' అన్న మినహాయింపు లేదు. కనుక చెరలో ఉన్న ఎవరైనా, మీకు గిట్టనివాడైనా సరే, నేరం ఒప్పుకున్నాడని విన్నప్పుడు, ఎలా ఒప్పుకున్నాడని ముందుగా అడగండి.