చేలో దిగింది ఎవరు?

2022 డిసెంబరులో ఒక పొద్దున వికారాబాద్ జిల్లాలోని ఒక పల్లె పొలంలో ఆకాశం నుంచి పెద్ద తెల్లటి పేటిక దిగింది. అలాంటిది అక్కడ ఎవరూ ఎన్నడూ చూడలేదు. చుట్టుపక్కల ఊళ్ల జనం గుమిగూడారు. ఇది ఎక్కడిది, ఎవరు పంపారు, లోపల ఏముంది అని ఒకటే ప్రశ్నలు. విచారిస్తే సంగతి తేలింది. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసిన ప్రయోగ పేటిక అది. జనాన్ని ఆకాశపు అంచుల దాకా తీసుకెళ్లాలనుకునే ఒక స్పెయిన్ కంపెనీ దాన్ని పరీక్షించింది.

ఆ ఊరివాళ్లను చిన్నచూపు చూడాల్సిన పని లేదు. తెలియనిది కంటపడితే ఏమిటని అడగాలి. వాళ్లు అడిగారు, జవాబు దొరికింది. చిక్కంతా అడగకముందే జవాబు సిద్ధంగా పెట్టుకునేవాళ్లతోనే.

మన పెద్దలకు పద్నాలుగు లోకాలుండేవి. పైనుంచి ఎవరో దిగివస్తారని, మన మంచిచెడ్డలు చూసుకుంటారని నమ్మేవారు. ఆ లోకాల మీద నమ్మకం సడలినవాళ్లలో చాలామంది ఆ పీట మీదే గ్రహాంతరవాసులను కూర్చోబెట్టారు. 1968లో స్విట్జర్లాండ్ రచయిత ఎరిక్ ఫాన్ డానికెన్ పాత నాగరికతల గొప్ప కట్టడాల వెనక ఆకాశం నుంచి వచ్చినవాళ్లున్నారని పుస్తకం రాశాడు. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఇప్పుడు యూట్యూబ్‌లో అదే కథ ఎల్లోరా కైలాస ఆలయం దాకా వచ్చింది. ఒకే కొండను పైనుంచి కిందికి తొలిచి అంత గుడి చెక్కడం మనుషుల వల్ల ఎలా అవుతుందని అడుగుతారు.

మనుషుల వల్లే అయింది. ఎనిమిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో ఆ పని జరిగింది. రాతి మీద ఉలి గాట్లు ఇవాళ్టికీ కనిపిస్తాయి. ఎల్లోరాలో, అజంతాలో సగంలో వదిలేసిన గుహలు కూడా ఉన్నాయి. పని ఎక్కడ మొదలుపెట్టారో, ఏ వరసలో చెక్కుకుంటూ వెళ్లారో వాటిని చూస్తే తెలుస్తుంది. ఆ గుడిని చూసి దేవతలే ఆశ్చర్యపోయారని బరోడా తామ్రశాసనం పొగిడింది. అది కవి మెచ్చుకోలు. దాన్నే సాక్ష్యమనుకుని గుడిని పరలోకవాసుల ఖాతాలో వేస్తే, ఏళ్ల తరబడి రాయి కొట్టి రాతి ధూళి మింగిన మనుషుల శ్రమ మాయమవుతుంది. పేర్లు కూడా మిగలని ఆ పనివాళ్లకు ఇంతకంటే పెద్ద అన్యాయం ఉండదు.

ఈ కథలు నమ్మని చదువుకున్నవాళ్లలో ఇంకో రకం నమ్మకం ఉంది. పాలపుంతలో కనీసం పదివేల కోట్ల నక్షత్రాలున్నాయి. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను ఇప్పటికే వేల సంఖ్యలో గుర్తించారు. ఇన్ని ఉన్నప్పుడు తెలివైన జీవులు లేకుండా ఎలా ఉంటారని వాళ్ల వాదన. వినడానికి లెక్కలాగే ఉంటుంది. అయితే అందులో సగం అంకెలు ఖాళీ.

ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ 1961లో, అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో జరిగిన చిన్న సమావేశం కోసం ఒక సూత్రం రాశాడు. ఏటా ఎన్ని నక్షత్రాలు పుడతాయి, ఎన్నిటికి గ్రహాలుంటాయి, వాటిలో ఎన్నిటిలో జీవం మొలకెత్తుతుంది, ఎన్నిటిలో అది తెలివిగా ఎదుగుతుంది, ఆ తెలివి ఎంతకాలం బతికి బట్టకడుతుంది అంటూ సాగే గుణకారం అది. మొదటి అంకెలు ఇప్పుడు బాగానే తెలుసు. జీవం దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. అందుకే ఆ సమావేశంలోనే అంచనాలు వెయ్యి నాగరికతల నుంచి పది కోట్ల దాకా పరుచుకున్నాయి. 2018లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ముగ్గురు పరిశోధకులు ఆ తెలియనితనాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. పాలపుంతలో మనం ఒంటరివాళ్లమయ్యే అవకాశం 53 నుంచి 99.6 శాతం దాకా ఉండొచ్చని తేల్చారు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మెతుకులన్నీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి ఆ మాట నిజం. గ్రహాల సంగతి అలా చెప్పలేం. మన చేతిలో ఉన్న మెతుకు ఒక్కటే, అది భూమి. ఆ భూమికి దాదాపు 450 కోట్ల ఏళ్లు. కనీసం 350 కోట్ల ఏళ్ల కిందటే ఇక్కడ సూక్ష్మజీవులున్నాయి. జంతువులు వచ్చింది మాత్రం సుమారు 60 కోట్ల ఏళ్ల కిందట. రేడియో తరంగాలు పంపడం నేర్చి నూటపాతికేళ్లు దాటి కొద్దికాలమే అయింది. దీన్నిబట్టి సూక్ష్మజీవులు చాలాచోట్ల ఉండొచ్చని, తెలివి మాత్రం అరుదని ఊహించొచ్చు. ఊహను ఊహగానే ఉంచాలి.

అలా ఉంచిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. 2005 ఏప్రిల్‌లో, అదే బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్‌ను పంపి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిని పట్టి తెప్పించింది. జీవం విశ్వం నుంచి భూమికి వచ్చి ఉండొచ్చన్న ఆలోచనను పరీక్షించడానికి ఈ ప్రయోగం చేశారు. దీనికి నేతృత్వం వహించిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ ఆ ఆలోచన వైపు మొగ్గినవారే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనశాలలోనూ పూణేలోనూ పరీక్షిస్తే, అంతకుముందు ఎవరూ వర్ణించని మూడు బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయి. అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకునేవి. పేర్లు జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై.

పతాక శీర్షికకు ఇంతకంటే ఏం కావాలి? అయినా 2009లో ఫలితం ప్రకటిస్తూ, ఇవి భూమికి ఆవలివని దీనితో రుజువు కాలేదని ఇస్రో స్పష్టంగా చెప్పింది. ఆర్యభట్టై ఆ తర్వాత భూమ్మీద మట్టిలోనూ దొరికింది. తమకు నచ్చిన జవాబు అరచేతి దూరంలో ఉన్నా పట్టుకోకుండా ఆగిన ఆ క్షణానికి ఎంతో విలువుంది. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఈ కథ ఉండాలి.

ఆగడం ఎందుకు అవసరమో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు చెబుతుంది. అక్కడ 1998 నుంచి వింత రేడియో మెరుపులు నమోదవుతూ వచ్చాయి. చివరికి 2015లో కారణం దొరికింది. వంట పూర్తి కాకముందే మైక్రోవేవ్ అవెన్ తలుపు తెరిస్తే వెలువడే తరంగాలవి.

ఇంతవరకూ ఏమీ వినిపించలేదు కాబట్టి ఎవరూ లేరని తీర్పు చెప్పడమూ తొందరపాటే. 2018లో వేసిన ఒక లెక్క ప్రకారం మనం వెతికింది, భూమ్మీది సముద్రాలన్నిటినీ ఒకవైపు పెడితే, ఒక చిన్న ఈతకొలనులో పట్టే నీళ్లంత మాత్రమే. వెతకడానికి రేడియో దూరదర్శినులు కావాలి, ఓపిక కావాలి, ప్రతి సంకేతాన్నీ ముందు వంటగది దాకా తీసుకెళ్లి అనుమానించే మనసు కావాలి.

మన వైపు నుంచి కబురు కూడా వెళ్లింది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలకు బిగించిన బంగారు పూత రికార్డుల మీద 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో తెలుగూ ఉంది. వాయేజర్ 1 సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఇంకో నక్షత్రానికి కాస్త దగ్గరగా, అంటే 1.6 కాంతి సంవత్సరాల దూరంలోంచి సాగిపోవడానికి దానికి దాదాపు 40,000 ఏళ్లు పడుతుంది.