జోగ్‌లో నీరు లేదను ఫిర్యాదు

వేసవిలో జోగ్ జలపాతమును చూడబోయినవారు పెక్కుమంది కోపముతో తిరిగివత్తురు. శరావతీ నది 830 అడుగుల ఎత్తునుండి రాజా, రాణీ, రోరర్, రాకెట్ అను నాలుగు పాయలుగా దూకునని విని (చివరి రెండు ఇంగ్లీషు పేర్లకు నది బాధ్యురాలు కాదు) దూరమునుండి వచ్చినవారికి, ఎండిన రాతిమీద రెండు మూడు తెల్లని దారములు మాత్రమే కన్పించును. డబ్బు దండుగ అని వారందురు. వారిని తృప్తిపరచుటకై, క్రింద పడిన నీటిని యంత్రములతో మరల పైకెత్తి ఏడాది పొడుగునా దూకించవలెనను సలహాలు కూడ బయలుదేరినవి. అట్లు దూకునది జలపాతము కాదు, కొళాయి.

జోగ్ ఎండుట ప్రకృతి చూపిన లోభము కాదు. 1948లో ఇచట జలవిద్యుత్కేంద్రము పని ప్రారంభించినది. 1964లో ఎగువను లింగనమక్కి ఆనకట్ట పూర్తియైనది. అప్పటినుండి నదిలో చాల భాగము కొండచరియను విడిచి గొట్టములలో దిగుచున్నది. దానివలన కన్నడదేశమున దీపములు వెలిగినవి. ఆ దీపములు వలదని ఎవరును అనరు, అనరాదు. కాని ఇంట దీపము పెట్టుకొని వచ్చి, నది యెదుట నిలిచి 'నీ నీరేదీ?' అని గద్దించువాని నేమనవలెను? ఆనకట్ట వెనుక మునిగినవి ఊళ్లు, పొలములు, పోకతోటలు. ఇల్లు విడిచినవారిలో పెక్కు కుటుంబములు, తమకు చూపిన భూమిపై హక్కుపత్రమునకై 60 ఏండ్లు దాటినను పోరాడుచునే ఉన్నవి. చూపరుల వేదికమీద ఈ సంగతి ఎవరును అడుగరు. నీరెప్పుడు వదలుదురని అడుగుదురు.

ఇక అడవి. ఈ శరావతి లోయ 1972నుండి అభయారణ్యము. 2019లో దానిని విస్తరించి సింగళీకము పేర పిలిచిరి. సింహమువలె తోకకు కుచ్చుగల ఈ నల్లకోతి పశ్చిమకనుమలలో తప్ప మరెచటను సహజముగా పుట్టదు. దాని బ్రతుకంతయు చెట్లమీదనే. కొమ్మకు కొమ్మ అందనిచోట దాని లోకము తెగిపోవును. అట్టి లోయలోనే 2000 మెగావాట్ల మరొక పథకము ప్రతిపాదింపబడినది. విద్యుత్తు మిగిలినపుడు గేరుసొప్ప జలాశయమునుండి నీటిని తలకళలెకు ఎత్తుట, కావలసినపుడు క్రిందికి వదలుట దాని పని. అందులకు సొరంగములు త్రవ్వవలెను, వేలాది చెట్లు కొట్టవలెను. చూపరులు జలపాతమునకు కోరిన ఎత్తిపోతనే ఇంజనీర్లు లోయకంతటికి కోరుచున్నారు. జోగ్‌లో నీరు చాలలేదని కోపించినవారు ఈ చెట్లను గూర్చి ఒక్క ఉత్తరము ముక్క వ్రాసియుండినచో, వారి కోపమునకు కొంత విలువ ఉండెడిది.