పొట్ట పెరిగితే ఎదిగినట్టు కాదు



సెలవులకు తండాకు పోతే అందరిదీ ఒకటే మాట: "పట్నం తిండి పట్టింది, మంచిగైనవ్." మేమూ మురిసిపోయినం. పొట్ట వస్తే ఎదిగినట్టు అనుకునే ఈ లెక్కనే మేం తప్పంటున్నం.

"మనోళ్లకు బక్కతనం సమస్య గానీ లావు సమస్యా?" అంటరు కొందరు. రెండూ సమస్యలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణల 15-49 ఏళ్ల మహిళలు 100 మందిల దాదాపు 19 మంది ఉండాల్సినదానికంటే తక్కువ బరువున్నరు, 30 మంది ఎక్కువ బరువున్నరు. ఇది రాష్ట్రం మొత్తం లెక్క. తండా లెక్క కావాలంటే, షుగర్ గోలీలు లేని ఇండ్లు ఎన్నో మీరే వేళ్ల మీద లెక్కపెట్టుండ్రి.

మన తాతలు జొన్న బాటి, పప్పు, ఆకుకూర తిని పొద్దంతా చేన్ల ఉండేటోళ్లు. రేషన్ బియ్యం మన ఆకలి తీర్చింది, కాదనం. కానీ ఇప్పుడు మూడు పూటలా అన్నమే. చేన్ల సగం పని ట్రాక్టర్‌దే. కిరాణం దుకాణానికి కూడా బండి మీదనే. చుట్టాలొస్తే కూల్‌డ్రింక్. పావు లీటరు కోలాల సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటది. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. ఒక్క సీసాతోనే ఆ లెక్క దాటిపాయె.

నిజం చెప్పాలంటే జొన్న రొట్టెను మన నుంచి ఎవరూ గుంజుకోలేదు. టిఫిన్ డబ్బాల రొట్టె చూసి "తండావోళ్లు" అని నవ్వితే సిగ్గుపడి మేమే వదిలేసినం. ఇయ్యాల అదే రొట్టెను హైదరాబాద్ రోడ్ల పక్కన వరుసలు కట్టి కొనుక్కుంటున్నరు!

మనకు నిగ్రహం లేదనొద్దు. అంజన్న మాల వేసి 41 రోజులు మందు ముట్టకుండ, చెప్పుల్లేకుండ కొండగట్టు దాకా నడిచేది మనమే. మాల తీసిన తెల్లారి ఆ నడక యాడికి పోతుంది?

అట్లని తప్పంతా తినేటోనిదే అంటే ఒప్పుకోం. హాస్టల్లో ఏది వండితే అదే తినాలె. అన్నం గుట్ట, నీళ్ల చారు, సాయంత్రం గ్రౌండ్‌కు తాళం. అందుకే అడుగుదాం: వారానికి రెండు రోజులు జొన్న రొట్టె, రోజూ ఆకుకూర, సాయంత్రం గంటసేపు ఆట, అది ఆడపిల్లలకు కూడా.

అధికారులు ఇచ్చేదాకా ఆగకుండ ఇంటికాడ మొదలుపెడదాం. రాత్రికి బాటి, చుట్టాలకు మజ్జిగ, దుకాణానికి కాలినడక. వీటికి ఏ జీవో అక్కర్లేదు.

చదువుకున్నోళ్లం మనమే రొట్టె తినడానికి సిగ్గుపడితే, తండాల అమ్మకు ఏ మొఖం పెట్టుకొని చెప్తం?