ఎక్కుటకు బండి యేది?

నగరవాసులు సొంతబండ్లను మాని బస్సులలోను మెట్రోలోను ప్రయాణము చేయవలెనని పెద్దలు హితవు చెప్పుచున్నారు. మేమా వాదమును కాదనము. పొగ తగ్గును, దారి మిగులును. కాని పాతబస్తీవాని చెవికది పరిహాసమువలె తోచుటలో వింత యేమి?

మెట్రోరైలు 2017 నవంబరులో నగరమునకు వచ్చినది. జూబ్లీ బస్‌స్టేషనునుండి బయలుదేరిన మార్గము 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్‌స్టేషను చేరి మూసీయొడ్డుననే యాగిపోయినది. ఫలక్‌నుమాదాక పోవలసిన అయిదున్నర కిలోమీటర్లు కాగితముమీదనే మిగిలెను. శంకుస్థాపన చేయుటకు 2024 మార్చి 8వ తేదీ రావలసివచ్చెను. దారిలో ఇండ్లును ప్రార్థనాస్థలములును అడ్డమనిరి. సుల్తాన్‌బజారులో దుకాణములు అడ్డుగాలేదా? వర్తకులు మొరపెట్టలేదా? అయినను రైలచ్చట నడచుచునే యున్నది!

ప్రజలకు సొంతబండిపై వ్యామోహమను మాటయు మేమొప్పుకొనము. 2023 డిసెంబరు 9నుండి స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో ఉచితప్రయాణము కలుగగానే బస్సులు కిక్కిరిసినవి. వారికెవ్వరును ఉపన్యాసము లీయలేదు. సౌకర్యము కలిగినది, ఎక్కిరి, అంతియే. పాతబస్తీ గల్లీలలోని స్కూటరు విలాసము గాదు, గతిలేక కొన్నది.

హితవు చెప్పు పెద్దలు ఒక్క సాయంకాలము శాలిబండవద్ద కోఠీ బస్సుకొరకు నిలిచి, పిమ్మట మాతో వాదింతురు గాక.