ఊరికి పోయిందని చెప్పకండి

మా గుండ్లపోచంపల్లిలో మా వీధికి రైలు కూత బాగా వినిపిస్తుంది. క్రిందటి యేడు యెండాకాలంలో పక్కింటి ముసలమ్మ చనిపోయింది. ఆమె ఆరేళ్ల మనుమరాలికి ఆ సంగతి యెవరూ చెప్పలేదు. "నాయనమ్మ ఊరికి పోయింది" అన్నారు. మూడోనాడు పిట్టకు పెట్టే వేళకు పిల్లను చుట్టాలింటికి పంపేశారు. ఆ తర్వాత రైలు కూసినప్పుడల్లా ఆ పిల్ల గేటు దగ్గరికి పరుగెత్తేది. ఒకనాడు నన్ను పట్టుకుని, "సారూ, నేను అల్లరి చేసిననని నాయనమ్మ వస్తలేదా?" అని అడిగింది.

కాలేజీలో ఇరవై యేళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. నాకు నోట మాట రాలేదు.

మరియా నాగీ అనే పరిశోధకురాలు హంగేరీలో 3 నుంచి 10 యేళ్ల లోపు పిల్లలు 378 మందిని పరిశీలించి, 1948లో తన ఫలితాలు ప్రకటించింది. అయిదేళ్ల లోపు వాళ్లకు చావంటే ప్రయాణమో, నిద్రో! అది తిరిగి రాని స్థితి అనీ, అందరికీ వచ్చేదనీ తొమ్మిదేళ్ల ప్రాయానికి గాని పూర్తిగా తెలియడం లేదని ఆమె గమనించింది. పసివాళ్లు తమంతట తామే పొరబడుతుంటే, "ఊరికి పోయింది", "నిద్రపోయింది" అని మనం ఆ పొరబాటును గట్టిపరుస్తున్నాము. నిద్రపోయిందంటే పిల్లకు పడుకోవడానికి భయం. దేవుడు తీసుకుపోయాడంటే రేపు అమ్మను కూడా తీసుకుపోతాడేమోనని భయం!

మరణమంటే యేమిటని యముణ్ణే నిలదీసిన నచికేతుడు పిల్లవాడు కాడూ? పిల్లలు అడగగలరు. చెప్పలేనిది మనమే.

పెత్రమాస వచ్చింది. భాద్రపద అమావాస్యనాడు పొద్దున పోయిన పెద్దల పేరిట బియ్యం ఇస్తాము. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతారు. చావునూ పూలనూ ఒకే రోజున కలిపిన మన పెద్దలు పిల్లల దగ్గర దేన్నీ దాచలేదు!

పక్కింట్లో ఆ యేడు పండుగ లేదు. పిల్ల మా యింటికి వచ్చింది. "మీరే చెప్పండి సారూ, నా నోట రాదు" అన్నాడు వాళ్ల నాన్న.

ఎండిన గునుగు పువ్వు నలిపి, ఆ పిల్ల చేతిలో నల్లని గింజలు పోశాను. "వానలు పడితే ఇవి మొలుస్తయి" అన్నాను.

"నాయనమ్మ కూడా మొలుస్తదా?"

"లేదమ్మా. ఈ పువ్వు మళ్లీ రాదు. వచ్చేది వేరే పువ్వు. నాయనమ్మ చనిపోయింది. ఆమె గుండె ఆగిపోయింది. ఇక ఆకలి వుండదు, నొప్పి వుండదు. తిరిగి రాదు. నువ్వు అల్లరి చేసినందుకు మాత్రం కాదు."

పిల్ల ఏమీ అనలేదు. సాయంత్రం బతుకమ్మను చెరువులో విడిచేటప్పుడు అది నీళ్లలో దూరం పోయేదాకా చూస్తూ నిలబడింది.

ఆ రాత్రి రైలు కూసింది. పిల్ల గేటు దగ్గరికి రాలేదు. లోపల నుంచి యేడుపు వినిపించింది. వాళ్ల నాన్న కూడా యేడుస్తున్నాడు. నెలల తరబడి ఆ యింట్లో ఆగిన యేడుపు అది. ఓదార్చడానికి లేచిన మా ఆవిడను నేనే ఆపాను.