అరగంట పరీక్షకు అందని మూర్ఛ

నెల్లూరు: ఈఈజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన పిల్లలకు మూర్ఛ లేదని తేల్చడానికి వీల్లేదు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈ పరీక్ష సాధారణంగా 20 నుంచి 30 నిమిషాల్లో ముగుస్తుంది. వారానికోసారి, అదీ నిద్రలో ఫిట్స్ వచ్చే బాలుడి మెదడు ఆ అరగంటా ప్రశాంతంగానే ఉండవచ్చు. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు సగం మందికి తొలి పరీక్షలో తేడా బయటపడకపోవచ్చు. మైపాడు, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాల నుంచి వేట, కూలి మానుకుని నగరానికి వచ్చే తల్లిదండ్రులకు ఆ కాగితం భరోసా ఇస్తుందే తప్ప జవాబు చెప్పదు.

ఇంటివద్దే నమోదు

ఈ లోటును కొంతవరకు తీర్చేది అంబులేటరీ ఈఈజీ. గుండెకు హోల్టర్ ఎలాంటిదో మెదడుకు ఇది అలాంటిది. తలపై ఎలక్ట్రోడ్లను అతికించి, నడుముకు కట్టిన చిన్న రికార్డరుకు కలిపి పిల్లలను ఇంటికి పంపుతారు. 24 నుంచి 72 గంటల పాటు తరంగాలు నమోదవుతాయి. అనుమానం కలిగించే లక్షణం కనిపించగానే తల్లి మీట నొక్కి, సమయం రాసి ఉంచాలి. రాత్రి సహజ నిద్ర కూడా నమోదు కావడం దీని ప్రధాన ప్రయోజనం.

పొరబడితే నష్టం

కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయే ఆబ్సెన్స్ మూర్ఛను బడిలో పరధ్యానంగా భావిస్తుంటారు. మరోవైపు ఏడ్చి ఊపిరి బిగబట్టడం, నిద్రలో ఉలిక్కిపడటం వంటివి మూర్ఛగా ముద్రపడితే అక్కరలేని మాత్రలు ఏళ్ల తరబడి మింగవలసి వస్తుంది. రకం తేల్చకుండా మందు వాడినా ప్రమాదమే. కార్బమజెపైన్ కొందరిలో ఆబ్సెన్స్ మూర్ఛను పెంచుతుంది. తీరంలో ముప్పు మరింత ఎక్కువ. సముద్రంలోనో, చెరువులోనో ఈదుతున్న బాలుడికి క్షణకాలం స్పృహ తప్పినా ప్రాణాపాయమే. సరైన నిర్ధారణ, చికిత్స అందితే 70 శాతం వరకు బాధితులు ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పరిమితులూ ఉన్నాయి

తీరప్రాంతపు ఉక్కపోతలో చెమటకు ఎలక్ట్రోడ్లు ఊడిపోవచ్చు. నమలడం, తల గోక్కోవడం కూడా తరంగాల్లో కలిసి వ్యాధిలా భ్రమింపజేస్తాయి. మందులు తగ్గించి పరిశీలించవలసిన వారికి, శస్త్రచికిత్స అవసరమైన వారికి ఆసుపత్రిలో వీడియో ఈఈజీ తప్పదు.

చేయవలసిందేమిటి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో గుర్తించవలసిన సమస్యల జాబితాలో మూర్ఛ కూడా ఉంది. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో అనుమానం కలిగిన పిల్లలను పై ఆసుపత్రులకు పంపడం ఈ పథకంలో భాగం. అయితే పరికరం కొన్నంత మాత్రాన పని తీరదు. అతికించే టెక్నీషియన్, నమోదును చదివే న్యూరాలజిస్టు ఉండాలి. పరికరాన్ని జిల్లా కేంద్రంలో అమర్చి, నమోదును తిరుపతి స్విమ్స్ వంటి సంస్థల నిపుణులకు ఆన్‌లైన్‌లో పంపే ఏర్పాటు చేస్తే తీర గ్రామాల కుటుంబాలకు దూరాభారం తగ్గుతుంది.

ఈలోగా తల్లిదండ్రుల చేతిలోనూ ఒక సాధనం ఉంది. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టకుండా, బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మరొకరి చేత సెల్‌ఫోన్‌లో వీడియో తీయించాలి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. పరీక్ష నార్మల్ అన్న కారణంతో వైద్యుని అడగకుండా మందులు ఆపరాదు.